బాపు ఉన్న మూల

మా కోనసీమలో నీళ్ల కోసం ఎవరూ నేల లోపలికి చూడరు. గునపం చేతిలోంచి జారిపడ్డా చెమ్మ తగులుతుంది. అలాంటి చోట పుట్టి నేను నేలలో నీళ్లెక్కడుంటాయో చెప్పే చదువు చదివాను. కాలేజీలో అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. బోరు ఎక్కడ వేయాలో పిల్లలకు బాగానే నేర్పాను గానీ, బోరు కొట్టకుండా నేర్పడం చివరిదాకా చేతకాలేదు. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే ఒక పాత మిషన్ను, నాలుగు ఇనుప కడ్డీలను మోసుకుపోయి నీళ్లు చూసి వస్తుంటాను. మా ఆవిడ వీటిని తీర్థయాత్రలంటుంది. తీర్థమంటే నీళ్లే కాబట్టి కాదనలేను.

ఈ వేసవి మొదట్లో నన్ను పిలిచింది చేవెళ్ల విఠల్ సేటు. ఎరువులు, విత్తనాల దుకాణం ఆయనది. కాశీ రైల్లో పక్క బెర్తులో పరిచయమయ్యాడు. ఫోన్లో సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"సురంగల్ల అంజయ్య అని మనోడే ఉన్నడు సార్. చామంతి తోట. బోరు ఎండింది. పక్క ఫామ్‌హౌజోళ్లు భూమి అడుగుతున్నరు. ఆదివారం మాట చెప్పాలె. నీళ్లున్నయంటే ఉంచుకుంటడు, లేవంటే అమ్ముకుంటడు. మీరొచ్చి ఒక్కసారి చూడుర్రి."

ఒక ఇంటి భూమి నా నోటిమాట మీద ఆగి ఉందని విన్నాక ఆ కడ్డీలు ఎప్పటికన్నా బరువనిపించాయి.

చేవెళ్ల

మెహదీపట్నంలో బస్సెక్కితే ఊరు ఒక పట్టాన వదలదు. వదిలాక కూడా గోడల రూపంలో వెంట వస్తుంది. రోడ్డుకు రెండు వైపులా గోడలు, గేట్లు, గేట్ల మీద పూల పేర్లు. పూలు మాత్రం లోపలెక్కడో ఉంటాయి. మొయినాబాద్ బోర్డు కనబడగానే 'ఆబాద్'లో 'ఆబ్' ఉంది, ఆబ్ అంటే ఉర్దూలో నీళ్లు, శకునం బాగుందని పక్క సీటాయనతో అన్నాను. ఆయన సెల్ ఫోన్లోంచి తలెత్తి, "ఆబాద్ వేరు, ఆబ్ వేరు సార్" అని మళ్లీ ఫోన్లోకి దిగిపోయాడు. అక్కడిదాకా ఎర్రగా ఉన్న నేల చేవెళ్ల దగ్గరికొచ్చేసరికి నల్లబడుతోంది. కిటికీలోంచి ఆ రంగు మారడం చూస్తూ కూర్చుంటే టికెట్ డబ్బులు గిట్టుబాటైనట్టే.

మా వైపు దుకాణంలో కూర్చోబెడితే ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు. ఇక్కడ ముందు చాయ్ అడుగుతారు. చిన్న గ్లాసు, చిక్కటి చాయ్. రెండో గ్లాసు వద్దంటే సేటు నొచ్చుకున్నాడు.

"దుకాణం ఎట్ల నడుస్తోంది సేటూ?"

"నడుస్తున్నది. ఫామ్‌హౌజోళ్లు గడ్డి విత్తనం అడుగుతున్నరు. బర్లకు కాదు సార్, చూడనీకె."

అంతలో గొంతు తగ్గించాడు. "ఒకటి అడుగుత, ఏమనుకోవద్దు. మీది ఓ పాజిటివ్ రక్తమా?"

నీళ్లు చూసేవాడికి ఆ గ్రూపే ఉండాలని ఇక్కడ చాలామందికి నమ్మకమట. అలాంటి మనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలంలో నడిస్తే, నీళ్లున్న చోట కాయ నిక్కి నిలబడుతుందట. అంజయ్య కిందటి బోరు అలా కాయ చూపించిన చోట వేసిందే.

"నాది బి సేటూ. బీ పాజిటివ్ అని రక్తంలోనే రాసి ఉంది."

సేటు నవ్వలేదు. "ఆనాడు కాయ నిలబడ్డది సార్. బోరు ఎండినంక అంజయ్యే కూలబడ్డడు."

రాత్రి వాళ్లింట్లో జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. మా ఇంట్లో పులుసు మరగకపోతే గొడవ. ఇక్కడ చింతపండు పిసికి, ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ నలిపేస్తే పులుసైపోయింది. పొయ్యితో పని లేదు. మూడో రొట్టె దగ్గర నేను మా ఇంటి పులుసుకు ద్రోహం చేశాను.

హిమాయత్‌నగర్ ఆటో

మర్నాడు సేటుకు దుకాణం వదిలే వీలు లేక నన్ను షేర్ ఆటో ఎక్కించాడు. హిమాయత్‌నగర్ దగ్గర (పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్క ఊరు) కూలికి పోయే ఆడవాళ్లు ముగ్గురు ఎక్కారు. నా కడ్డీల్లో ఒకటి ఒకామె సద్ది డబ్బాకు తగిలి ఠంగుమంది. ఆమె కడ్డీని, నన్ను మార్చి మార్చి చూసింది.

"టెంట్ హౌజా సారూ? పెండ్లికా, సావుకా?"

"నీళ్లు చూడ్డానికమ్మా."

"దొరికితే మాకు గూడ జర చెప్పు" అంది రెండో ఆమె. మూడో ఆమె బయటి గోడలను చూస్తూ అంది. "మునుపు గీ చెల్కలల్ల గడ్డి పీకనీకె పోతుంటిమి. ఇప్పుడు గోడల లోపట గడ్డి పెంచనీకె పోతున్నం. కూలి మంచిదే ఇస్తున్నరు. నీడ గూడ ఉన్నది."

ఆ మాటలో ఫిర్యాదు లేదు.

సురంగల్

రోడ్డు మీద బండి పెట్టుకుని అంజయ్య ఎదురుచూస్తున్నాడు. నలభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఇంట్లో తల్లి సత్తెమ్మవ్వ, భార్య యాదమ్మ. నేను మా ఊరి కొబ్బరికాయలు రెండు, పూతరేకుల డబ్బా ఒకటి తెచ్చాను. అవ్వ డబ్బా మూత తీసి చూసింది.

"కాగితాలు తెచ్చినవా సారూ?"

"తినేటియే అవ్వా" అన్నాడు అంజయ్య.

ఒకటి నోట్లో పెట్టుకుంది. కాగితం కాదని ఒప్పుకుంది గానీ, తిండి అని కూడా ఒప్పుకోలేదు. "నోట్ల ఏసుకుంటే ఏమున్నది, ఉత్తగ మాయమైతున్నది."

"పెద్దాయన కనబడరేం?" అడిగాను.

"బాపు చెల్కల్నే ఉంటడు సార్, తూర్పు మూలకు" అన్నాడు అంజయ్య. చెల్క అంటే ఎర్ర మెట్టచేను. "ఆడికి మాత్రం మిషన్ తీగెలు గుంజకుర్రి."

బాపు అంటే తండ్రి అని నాకు తెలుసు. చేను కాపలా కాసే ముసలాయన, పట్టుదల మనిషై ఉంటాడనుకున్నాను. మర్యాద చూపించాలనిపించింది. "అయితే ఆయనకు నాలుగు రేకులు తీసి ఉంచండి. షుగరుందా?"

అవ్వ నా వైపు కాసేపు చూసింది. "ఉండె. ఇప్పుడేం లేదు."

"మంచి మందు దొరికినట్టుంది."

యాదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. నవ్విందనుకున్నాను.

బావి గోడ

చేనుకు పడమట ఫామ్‌హౌజ్ గోడ. గోడవతల లాన్ మీద నీళ్లు చిమ్ముతున్న చప్పుడు మాకు వినబడుతోంది. ఇవతల చామంతి సాళ్లలో సగం ఎండి, సగం ట్యాంకర్ నీళ్లతో బతుకుతున్నాయి. చేను నడుమ పాత బావి. బాపు వయసులో ఉండగా తవ్విందట. ఇప్పుడు అడుగున నీడ తప్ప ఏమీ లేదు.

నాలాంటి వాడికి ఎండిన బావి కూడా పనికొస్తుంది. దాని గోడే పుస్తకం. పైన ఎర్రమట్టి, కింద సగం చివికిన రాయి, మొరం అంటారు, ఆ కింద బండ. తూర్పు గోడ మీద మాత్రం తెల్లటి చారలున్నాయి. ఒకప్పుడు ఊట ఆ వైపు నుంచి దిగిన గుర్తులవి. గుప్పెడు మట్టి సీసాలో వేసి నీళ్లు పోసి ఊపాను. ఇసుక గబగబా అడుక్కి చేరింది, బంకమట్టి పేరుకు మాత్రం మిగిలింది. నా పాఠం విన్న బుర్రల్లాంటి నేల, పోసింది పోసినట్టు కిందికి వదిలేస్తుంది. కింద ఎక్కడైనా పగులుంటే ఆ నీళ్లు అక్కడ నిలవాలి.

ఆ పగులు ఎక్కడుందో వెదకడానికే కడ్డీలు. నాలుగింటినీ వరసగా భూమిలో దిగ్గొట్టి కరెంటు పంపితే, తడి నేల దాన్ని పోనిస్తుంది, బండ అడ్డుకుంటుంది. ఎంత అడ్డుకుందో మిషన్ చెబుతుంది. పడమట మొదలుపెట్టాం. బండ. బావి దగ్గర కూడా బండే. తూర్పుకు జరిగినకొద్దీ అంకె దిగుతూ వచ్చింది. నాకు హుషారు పెరుగుతోంది. తీగ పట్టుకున్న అంజయ్య నడక మాత్రం మందగిస్తోంది. చివరికి తీగ బిగుసుకుంది. చూస్తే ఆయన ఆగిపోయి ఉన్నాడు.

"ఇగ చాలు సార్."

"ఇంకొంచెం అంజయ్యా. అంకె బాగా పడుతోంది. మూలదాకా పోనిద్దాం. బాపు గారితో నేను మాట్లాడతాను."

"మాట్లాడు సారూ" అంది వెనక నుంచి అవ్వ. ఎప్పుడొచ్చిందో మరి. "నేను గూడ రోజూ మాట్లాడుత."

కంది మోళ్లు దాటి మూలకు వెళ్లాను. అక్కడ గుడిసె లేదు, మంచం లేదు. సున్నం వేసిన చిన్న గద్దె ఉంది, దాని తలాపున ఎండిన తులసి కుండ. గద్దె మీద మోదుగాకులో నాలుగు పూతరేకులు. చీమలు అప్పుడే వరసకట్టాయి.

చెప్పులు విప్పాను. ఇంకేం చేయాలో తెలియలేదు. యాదమ్మ నవ్వలేదని అప్పుడు అర్థమైంది.

మూల

మా వైపు మనిషిని నేలలో పడుకోబెట్టడం కుదరదు. గొయ్యి తవ్వితే నీళ్లు ముందొచ్చి పడుకుంటాయి. అందుకే మా ఇళ్లలో కాల్చి, కాలవలో కలిపేస్తాం. మా నాన్న ఎక్కడున్నాడని ఎవరైనా అడిగితే వేలు పెట్టి చూపించడానికి నాకు చోటు లేదు. ఇక్కడ సొంత చేనులోనే పెట్టుకుంటారు. ఉంటాడనే అంటారు. ఉన్నాడు కూడా.

"ఈ మూలే ఎందుకవ్వా?" నెమ్మదిగా అడిగాను. మళ్లీ తప్పు మాట అంటానేమోనని భయం.

"ఇంకేడ పెట్టాలె సారూ? పోయిన్నాడు గడ్డపారలు పట్టుకొని చెల్కంత తిరిగిన్రు. ఏడ గుద్దినా టంగుమన్నది. గీడనే దిగింది. మనిషి లోతు గీడ తప్ప ఏడ దొరకలే."

మిషన్ మీద అంకె ఎందుకు దిగుతూ వచ్చిందో ఆ మాటతో తేలిపోయింది. బండ పగిలి, చివికి, లోతుగా మెత్తబడ్డ చోటనే గొయ్యి దిగింది. నీళ్లు నిలవడానికి కావలసిందీ అదే. చేనంతటికీ అలాంటి చోటు ఒక్కటే ఉంది. అక్కడ బాపు ఉన్నాడు.

"ఉన్నయా సార్, లేవా?" అన్నాడు అంజయ్య.

నీళ్లు చూడ్డానికి వచ్చినవాణ్ణి నీళ్లు నమిలాను. తర్వాత చెప్పాల్సింది చెప్పాను. ఉంటే ఇక్కడే ఉంటాయి. పగులు అన్నిటికన్నా లోతుగా ఉన్నది గోరీ కిందే.

అంజయ్య తీగ చుట్టేయడం మొదలుపెట్టాడు. "అయితే అమ్ముదం. బాపు మీద బోరేస్తనా?"

"అమ్మితే మటుకు బాపును ఉండనిస్తరా?" అంది యాదమ్మ. ఆమె గట్టిగా మాట్లాడడం నేను అదే వినడం. "గోరి తీసి, సాపు చేసి ఇయ్యాలె అనలే? నువ్వే గద చెప్పినవ్. మనం బోరేస్తే తప్పు. ఆళ్లు గడ్డి పెంచితే తప్పు లేదా?"

తీగ చుట్టిన ఉండ చేతిలోంచి జారి విడిపోయింది. ఆయన మళ్లీ మొదటి నుంచి చుట్టసాగాడు. అవ్వ గద్దె మీద చీమలను కొంగుతో దులిపి, ఇంటిదారి పట్టింది. ఆ రాత్రి ఆ ఇంట్లో అన్నం అందరి పళ్లేల్లోనూ మిగిలింది.

తెల్లవారి అవ్వ నన్ను చేనుకు తీసుకుపోయింది. మేమిద్దరమే. గద్దె పక్కన కూర్చుని అడిగింది.

"నెత్తి మీదనే ఎయ్యాలె అనకు సారూ. పక్కకు ఎంత జరగొచ్చు? ఆయన్నైతే జరగమనలేను. బతికున్ననాడే జరగలే."

అంజయ్యను పిలిపించి, గోరీ చుట్టూ నాలుగు దిక్కులా కడ్డీలు దించాం. ఎండ నడినెత్తికొచ్చేసరికి పగులు ఎటు పోతోందో తెలిసింది. బాపు తల దక్షిణం, కాళ్లు ఉత్తరం. పగులు కాళ్ల వైపు నుంచి వంపు తిరిగి బావి దిక్కుకు సాగుతోంది. గోరీని ముట్టుకోకుండా, కాళ్లకు కొంచెం దూరంగా ఒక చోటు దొరికింది. అక్కడ లోతు తక్కువ, ఆశ కూడా ఆ మేరకు తక్కువే.

"కాళ్ల కాడనా?" అవ్వ ముఖం కొంచెం తేటపడింది. "మంచిది. పొద్దుగూకినంక ఇంటికొచ్చేముందు ఆయన కాళ్లు కడుక్కునేది గా దిక్కే."

నేను దాచకుండా చెప్పాను. పడితే కొద్దిగా పడతాయి. గోడవతలి బోర్లు మనకన్నా లోతు, వాళ్లదీ ఇదే పగులు అయి ఉండొచ్చు. ఈ ఏడాది ఉన్నవి వచ్చే ఏడాది ఉంటాయని మాటివ్వలేను.

"మరి ఏం మాటిస్తరు సార్?" అన్నాడు అంజయ్య.

"బండ ఎక్కడుందో చెప్పగలను."

"గది గడ్డపార గూడ చెప్తది."

అవ్వ నవ్వింది. ఆ ఇంటివాళ్ల దగ్గర నేను విన్న మొదటి నవ్వు నా మీదే కావడం నాకేం చిన్నతనం అనిపించలేదు. "ఎయ్యి బిడ్డా" అంది కొడుకుతో. "మన చేత్తోని మనం అడుగుదం. ఇయ్యకపోతే, ఆయన ఇష్టం."

మొయినాబాద్

శనివారం బోరు బండి మాట్లాడడానికి మొయినాబాద్ పోయాం. బండి మనిషి వచ్చేదాకా హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాం. పక్కనే పూజ సామాన్ల దుకాణంలో కొబ్బరికాయ ధర అడిగి లెంపలేసుకున్నాను. మా ఊళ్లో కాయకిచ్చే ధర ఇక్కడ పీచుకైనా చాలదు. నేను తెచ్చిన రెండు కాయల మీద గౌరవం అమాంతం పెరిగింది.

రోడ్డు మీద చామంతుల మూటలతో ఒక ఆటో పోతోంది. అంజయ్య అది కనుమరుగయ్యేదాకా చూశాడు.

"మా పూలు గూడ గిట్లనే సిటీకి పోతుండె సార్. పెండ్లిండ్లకు, సావులకు. బాపు పోయిన్నాడు తోటల ఒక్క పువ్వు లేదు. బోరు అప్పుడే ఎండింది. చామంతి రైతును, మా బాపు మీద ఎయ్యనీకె చామంతులు కొనుక్కొచ్చిన."

చాయ్ మీద మీగడ కట్టింది.

బండి

ఆదివారం తెల్లవారకముందే బోరు బండి వచ్చింది. తమిళనాడు బండి. మనుషులు నాలుగు తెలుగు ముక్కలతో పనంతా నడిపిస్తారు. విఠల్ సేటు కూడా చేవెళ్ల నుంచి వచ్చాడు. పసుపు, కుంకుమ, నిమ్మకాయ సిద్ధం చేశారు. కొబ్బరికాయ కొట్టేముందు సేటు దాన్ని అరచేతిలో పెట్టుకుని ఆ చోట నిలబడ్డాడు. కాయ కదల్లేదు.

"పండుకునే ఉన్నది సార్" అన్నాడు దిగులుగా.

"కోనసీమ కాయ సేటూ. నీళ్ల కోసం లేవాల్సిన అవసరం దానికెప్పుడూ రాలేదు."

బండి మొదలైతే ఇక మాటలు వినబడవు. ముందు ఎర్రటి దుమ్ము లేచింది. తర్వాత గోధుమ రంగు. నా లెక్క ప్రకారం చెమ్మ కనబడాల్సిన లోతు దాటాక తెల్లటి పిండి లేచింది. పిండి అంటే బండ. నేను నీరుకారిపోయాను. తెల్ల దుమ్ము చామంతుల మీద, మా తలల మీద, బాపు గద్దె మీద పడి అందరినీ ఒక్క వయసు వాళ్లను చేసింది. గోడవతల నుంచి ఫామ్‌హౌజ్ మనిషి వచ్చి చేను దారిలో నిలబడ్డాడు. ఆదివారం కదా, మాట కోసం వచ్చాడు.

అంజయ్య నా చెవి దగ్గర అరిచాడు. "ఆపుదమా సార్?"

నాకు తెలియదు. తెలియదని చేత్తోనే చెప్పాను. అంజయ్య తల్లి వైపు చూశాడు. ఆమె గద్దె పక్కన కూర్చుని ఉంది, ఒక చెయ్యి దాని మీద వేసి. బండి తిరుగుతూనే ఉంది.

ఎంతసేపైందో గమనించలేదు. దుమ్ము లేవడం ఆగిందని మాత్రం గమనించాను. లేచినది లేచినచోటే కూలబడుతోంది. తర్వాత ముద్దలు, ఆ తర్వాత బురద, చివరికి బూడిద రంగు నీళ్లు, సన్నగా. బండి మనిషి ధార చూసి, ఇంచుకు కొంచెం పైన అని వేళ్లతో చూపించాడు. పెద్ద నీళ్లేం కావు. వరికి చాలవు, లాన్‌కు అసలే చాలవు. డ్రిప్ పెట్టుకుంటే చామంతులకు చాలుతాయి. అదీ ఈ ఏటికి.

ఆ మాటే అంజయ్యకు చెప్పాను. ఆయన తల మీది దుమ్ము దులుపుకుని దారి దాకా నడిచి వెళ్లాడు. "ఈ యేడు కాదన్నా" అన్నాడు ఫామ్‌హౌజ్ మనిషితో. అతను సరేనని తలూపి, ధారను కాసేపు చూసి, వెళ్లిపోయాడు. వచ్చే ఏడు మళ్లీ వస్తాడు. అది అందరికీ తెలుసు.

అంతలో నీళ్లు పల్లం వెదుక్కుంటూ గోరీ వైపు సాగాయి. అంజయ్య పరుగున వచ్చి, పార తీసుకుని అడ్డంగా కాలవ కొట్టబోయాడు.

"ఉండనియ్ బిడ్డా" అంది అవ్వ.

"గోరి తడుస్తది అవ్వా."

"తడవనియ్. ఎన్నొద్దులాయె ఆయన చెల్కల నీళ్లు చూడక."

అంజయ్య పార కింద పెట్టాడు. నీళ్లు గద్దె చుట్టూ తిరిగి, తులసి కుండ దగ్గర కాసేపు ఆగి, చామంతి సాళ్లలోకి పోయాయి.

మధ్యాహ్నం బయల్దేరేముందు మూలకు వెళ్లాను. మాట్లాడతానని అన్నాను కదా. చెప్పులు విప్పి, పోయొస్తానని చెప్పాను. బదులు వచ్చిందని అనను. అరికాళ్లకు మాత్రం చల్లగా తడి తగిలింది.